కానుగ గింజ ఎంత దూరం ఎగరగలదు?

అనంతపురం మనిషి విమానం ఎక్కాలంటే ముందు బస్సెక్కాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి చేరాలి. ఎండాకాలంలో ఆ దారెంట కిటికీలోంచి చూస్తే నేలంతా ఎర్రగా, గుట్టలన్నీ గోధుమరంగులో ఉంటాయి. పచ్చగా కనబడేవి వేపచెట్లు, కానుగచెట్లు మాత్రమే. కానుగ ఆకు రాల్చిందని మనం గమనించేలోపే మళ్ళీ చిగురేస్తుంది. దాని పుల్లతో పళ్ళు తోముకున్నాం, ఆకు మడిలో తొక్కి ఎరువు చేసుకున్నాం, నూనె గజ్జికి రాసుకున్నాం, దీపంలో పోసుకున్నాం. మేక కూడా పెద్దగా ముట్టుకోని చెట్టు కాబట్టి కంచె లేకుండానే బతికింది.

ఆ దారి చివర ఎగిరే విమానంలో కానుగ నూనె పోయవచ్చా? పోయవచ్చు. నేరుగా కాదు, మార్చి పోయాలి. అది సాధ్యమేనని రసాయనశాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. తేలనిది లెక్క: ఎన్ని గింజలు, ఎవరి నేల, ఎన్ని వానలు, చివరికి ఎవరి చేతికి ఎంత?

అసలు విమానానికి నూనెతోనే ఎందుకు పని అన్న అనుమానం మన ఉమ్మడి అనంతపురం జిల్లా వాళ్ళకు రావడం సహజం. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఎన్‌పీ కుంటలో కనుచూపు మేర సోలార్ పలకలు పరిచారు. కార్లూ ఆటోలూ బ్యాటరీ మీద నడుస్తుంటే విమానానికేం తక్కువ? తక్కువేమీ లేదు, బరువు ఎక్కువ. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలో బ్యాటరీలో ఉండేది 250 నుంచి 300. అంటే నలభై రెట్ల తేడా. ఇంధనమైతే మండేకొద్దీ తరుగుతుంది, విమానం తేలికవుతూ పోతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు. చిన్న విమానాలు కొద్ది దూరం బ్యాటరీతో ఎగిరినా, బెంగళూరు నుంచి ఢిల్లీకో హైదరాబాదు నుంచి అమెరికాకో పోవాలంటే ఇంకా చాలా ఏళ్ళు ద్రవ ఇంధనమే దిక్కు. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా నూటికి రెండున్నర దాకా ఉంటుంది. చిన్నదే కానీ, పెరుగుతున్న వాటా. కిలో ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం కిలోనే అయినా అందులోని కార్బన్‌కు గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది కాబట్టి బరువు మూడింతలవుతుంది.

జీవ ఇంధనం వాదన వినడానికి ముచ్చటగా ఉంటుంది. చెట్టు గాలిలోంచి కార్బన్ తీసుకుని గింజలో దాస్తుంది. ఆ గింజ నూనెను మండిస్తే అదే కార్బన్ మళ్ళీ గాలిలోకి పోతుంది. మళ్ళీ చెట్టు పీలుస్తుంది. చుట్టూ తిరిగే బొంగరం. భూమి లోపల కోట్ల ఏళ్ళు నిద్రపోయిన కార్బన్‌ను తవ్వి పైకి వదలడం లేదు కదా అన్నది సారాంశం. వాదనలో అబద్ధం లేదు, అసంపూర్ణత ఉంది. గింజ ఏరడం, లారీలో తేవడం, నూనె తీయడం, శుద్ధి చేయడం, వీటన్నిటికీ శక్తి కావాలి. ఎరువు వేస్తే దానికీ లెక్క ఉంది. అడవి కొట్టి తోట వేస్తే ఆ లెక్క కొండంతవుతుంది.

ఇక నూనె సంగతి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను శెనక్కాయ నూనెతో నడిపి చూపించారు. మన పంటకు అంత గొప్ప రోజు ఎప్పుడూ రాలేదేమో, కానీ అనంతపురంలో ఈ మాట ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. నేలమీది ఇంజన్ మొరటుది, ఏది పోసినా ఓర్చుకుంటుంది. విమానం అలా కాదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున బయట చలి మైనస్ యాభై డిగ్రీలు దాటుతుంది. చలికాలం పొద్దున సీసాలో కొబ్బరినూనె ఎలా గడ్డకడుతుందో అందరం చూసిందే. అక్కడ ఇంధనం అలా గడ్డకడితే ఇంజన్ ఆగిపోతుంది. అందుకే జెట్ ఎ-1 అనే విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదని నియమం. లారీల్లో పోసే మామూలు బయోడీజిల్ ఆ పరీక్షకు నిలవదు.

కాబట్టి నూనెను విప్పి మళ్ళీ అల్లాలి. నూనె అణువు పొడవాటి కార్బన్ గొలుసు, చివర ఆక్సిజన్ అతుక్కుని ఉంటుంది. పెద్ద ఒత్తిడిలో, వేడిలో హైడ్రోజన్ పంపితే ఆక్సిజన్ ఊడి నీళ్ళుగా పోతుంది. కానుగ నూనెలో ఎక్కువ గొలుసులు పద్ధెనిమిది కార్బన్లవి. విమానానికి ఎనిమిది నుంచి పదహారు మధ్య కావాలి. అంచేత గొలుసును తుంచాలి, తిన్నగా ఉన్నదానికి కొమ్మలు పుట్టించాలి. కొమ్మలున్న అణువులు ఒకదాని మీద ఒకటి సర్దుకోలేవు, అందుకే చలికి గడ్డకట్టవు. పేర్చిన దుంగలకూ కంపకట్టెల మోపుకూ ఉన్న తేడా అనుకోండి. ఈ పనిలో కొంత నూనె డీజిల్‌గా, కొంత నాఫ్తాగా, గ్యాసుగా చీలిపోతుంది. నూనెలో ఎంత విమాన ఇంధనంగా మారేదీ యంత్రాన్ని బట్టి ఉంటుంది. సగం అనుకుంటే మరీ తప్పు కాదు. ఇంకోమాట, ఇది ఊరి గానుగలో జరిగే పని కాదు. హైడ్రోజన్ ఉన్న పెద్ద రిఫైనరీ కావాలి. గింజ మనదైనా వంట వేరే ఊళ్ళో అన్నమాట.

ఇలా తయారైన ఇంధనంతో విమానాలు ఎగిరాయి, క్షేమంగా దిగాయి. 2008 డిసెంబర్ 30న ఎయిర్ న్యూజిలాండ్ బోయింగ్ 747 ఒక ఇంజన్‌లో సగం అడవి ఆముదం నూనె నుంచి వచ్చిన ఇంధనం పోసి ఆక్లాండ్ మీద చుట్టి వచ్చింది. మన దేశంలో 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి 25 శాతం జీవ ఇంధనం కలిపి ఎగిరింది. ఛత్తీస్‌గఢ్ రైతులు పండించిన అడవి ఆముదం గింజల నూనెను డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ శాస్త్రవేత్తలు ఇంధనంగా మార్చారు. ఆ తర్వాత వాయుసేన ఏఎన్-32 విమానాల్లో పది శాతం కలిపి నడిపారు, 2020 జనవరిలో లేహ్ చలిలో దింపారు కూడా. 2023 నవంబర్ 28న వర్జిన్ అట్లాంటిక్ విమానం లండన్ నుంచి న్యూయార్క్ దాకా పూర్తిగా ఇలాంటి ఇంధనంతోనే వెళ్ళింది. అయితే అది ప్రత్యేక అనుమతి మీద వెళ్ళిన ప్రయాణం. మామూలు సర్వీసుల్లో సగానికి మించి కలపకూడదు. దానికో విచిత్రమైన కారణం ఉంది. రాతినూనె ఇంధనంలో ఉండే కొన్ని సుగంధ హైడ్రోకార్బన్ల వల్ల విమానంలోని రబ్బరు వాషర్లు కాస్త ఉబ్బి గట్టిగా బిగుస్తాయి. జీవ ఇంధనంలో అవి ఉండవు, పాత వాషర్లు సడలి కారే ప్రమాదముంది. అవే హైడ్రోకార్బన్లు మండితే మసి ఎక్కువ. అవి లేకపోవడం వల్ల జీవ ఇంధనం శుభ్రంగా మండుతుంది, ఆకాశంలో విమానం వెనక సాగే తెల్లటి చారలూ పలచబడతాయి. ఆ చారలు కూడా భూమి వేడిని పట్టి ఉంచుతాయి గనుక ఇది చిన్న మేలు కాదు.

ఇప్పుడు కానుగ లెక్కకు వద్దాం. ఇది నా కాగితం లెక్క, ఎవరైనా సరిచూసుకోవచ్చు. నూట ఎనభై సీట్ల విమానం బెంగళూరు నుంచి ఢిల్లీ పోవడానికి సుమారు ఆరు టన్నుల ఇంధనం తాగుతుంది. ఆరు టన్నులు రావాలంటే పన్నెండు టన్నుల నూనె కావాలి. మిల్లులో నాలుగు కిలోల గింజకు కిలో నూనె వస్తుందనుకుంటే 48 టన్నుల గింజ. వానాధార నేలలో ఎదిగిన చెట్టుకు ఏడాదికి పది కిలోలు వేసుకుందాం. మంచి నేలలో ముదురు చెట్టు అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది, వాన మొహం చాటేసిన ఏడు చేతులు దులిపేస్తుంది. పది కిలోల లెక్కన 4,800 చెట్లు. ఎకరాకు నూట అరవై నాటితే ముప్పై ఎకరాలు. ముప్పై ఎకరాల ఏడాది పంట, ఒక్క విమానం ఒక్కసారి ఢిల్లీ చేరడానికి. తిరుగు ప్రయాణానికి ఇంకో ముప్పై ఎకరాలు. న్యాయంగా చెప్పాలంటే మిగతా సగం నూనె డీజిలూ నాఫ్తా అయి ఎక్కడో పనికొస్తుంది, నూనె తీయగా మిగిలిన 36 టన్నుల చెక్క ఎరువుగా చేలకు తిరిగొస్తుంది. అయినా లెక్క లెక్కే. దేశం మొత్తం ఏడాదికి 80 లక్షల టన్నులకు పైగా విమాన ఇంధనం వాడుతోంది. అందులో ఒక్క శాతాన్ని కానుగతోనే నింపాలంటే నాలుగు లక్షల ఎకరాల తోట కావాలి. చెట్టు కాపుకు రావడానికి అయిదారేళ్ళు ఆగాలి.

ఈ లెక్కకు తెలుగునేల మీదే ఒక సాక్ష్యముంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజ ఏరి, నూనె మిల్లు నడిపి, మొక్కలు పెంచాయి. 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు ఇచ్చింది, అప్పటి మారకంలో ముప్పై వేల రూపాయలకు కాస్త తక్కువ. ఎందుకంటే, వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు విమానాల్లో వచ్చిన ప్రతినిధుల వల్ల గాలిలో కలిసిన కార్బన్‌కు పరిహారంగా. పదేళ్ళలో 51 టన్నుల కానుగ నూనె డీజిల్ బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆగుతుందని లెక్క కట్టారు. మన విమానం లెక్కతో పోల్చండి. బెంగళూరు–ఢిల్లీ ప్రయాణం ఒక్కటి దాదాపు పందొమ్మిది టన్నులు వదులుతుంది. గూడెం పదేళ్ళ కష్టం ఎనిమిది ప్రయాణాలకు సరిపోదు. ఆ ఆడవాళ్ళ గొప్పతనాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళకు మిల్లు వచ్చింది, చెక్క వచ్చింది, చేతిలో డబ్బు ఆడింది. విమానం ఆకలి ఎంత పెద్దదో తెలియాలని చెబుతున్నాను.

అనంతపురానికి ఇలాంటి ఆశ కొత్త కాదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం అడవి ఆముదాన్ని సిఫారసు చేశాక దేశమంతా ఒక ఊపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వర్షాభావ ప్రాంతాల కోసం ప్రత్యేక శాఖ పెట్టి, అడవి ఆముదం, కానుగ తోటలను ప్రోత్సహించారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాకు, నైరుతి పడమటి కనుమలకు అవతలే కురిసిపోయి ఈశాన్యం కోస్తాలోనే అలిసిపోయే జిల్లాకు, నీళ్ళడగని పంట అన్న మాట వరంలా వినబడింది. ఆ మాటలోనే మెలిక ఉంది. నీళ్ళు లేకపోతే అడవి ఆముదం చచ్చిపోదు, నిజమే. కానీ కాయదు. బతకడం వేరు, పండటం వేరు. మనుషులకైనా అంతే కదా. మొక్క నిలిచింది, గింజ రాలేదు, వచ్చిన పిడికెడు కొనేవాడు రాలేదు. పైగా గింజ విషం, ఆడుకుంటూ తిన్న పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలైన సంగతులు పేపర్లలో వస్తూనే ఉండేవి. అనుభవం అయ్యాక రాష్ట్రం అడవి ఆముదం నుంచి కానుగ వైపు మొగ్గింది. ఈ నేలకు తెలిసిన చెట్టు, గాలిలోని నత్రజనిని వేళ్ళలో పట్టే చెట్టు. ఎంపిక సరైనదే. తొందరే తప్పు.

తోటలు ఎక్కడ వేస్తారన్నప్పుడల్లా ఒక మాట వస్తుంది: బంజరు. కాగితం మీద బంజరు అని రాసిన నేలలో గొర్రెలు మేస్తున్నాయి. వంట చెరుకు, చీపురు పుల్లలు, సీతాఫలాలు అక్కడినుంచే వస్తాయి. అనంతపురం గొర్రెల జిల్లా. సేద్యం పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది మందే. విమానాల సంగతి కాకపోయినా, 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో శంకుస్థాపన చేసిన గడ్డి గ్యాసు ప్లాంటుతో మొదలై రాష్ట్రంలో 500 ప్లాంట్లు, 65 వేల కోట్ల పెట్టుబడి అంటున్నారు. బీడు నేలల్లో నేపియర్ గడ్డి పెంచుతారట. అద్దె వస్తుంది, కొందరికి పని దొరుకుతుంది. కాపరి మంద ఎటు తోలాలో ముందే తేల్చి మొదలుపెడితే మంచిది.

మరి శెనక్కాయ? పారిస్‌లో ఇంజన్ నడిపింది కదా అని విమానంలో పోద్దామంటే అది దండగమారి ఆలోచన. తినే నూనెలో సగానికి పైగా ఈ దేశం బయటినుంచి కొంటోంది. పళ్ళెంలోది తీసి విమానంలో పోస్తే ఆ లోటు పూడ్చడానికి ఇంకెక్కడో అడవి కొట్టి పామాయిల్ వేస్తారు. ఇది ఊహ కాదు, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పట్టికల్లోనే ఉంది. రాతినూనె ఇంధనానికి, మెగాజౌల్ శక్తికి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లెక్క కడతారు. వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనానికి 13.9. మురుగు చెరువులు మూయకుండా వదిలేసే మిల్లుల పామాయిల్‌తో చేస్తే, మారిన భూమి లెక్క కూడా కలిపి, 99.1. అంటే రాతినూనె కంటే అధ్వాన్నం! రెండూ జీవ ఇంధనాలే, రెండూ ఒకే రకం యంత్రంలోంచి వస్తాయి. పేరు చూసి మంచిదో చెడ్డదో చెప్పలేం, పుట్టుక చూసి చెప్పాలి.

ఆ 13.9 అంకె నాకు అనంతపురం పొద్దుటి పూటను గుర్తుచేస్తుంది. ఉగ్గాని, దాని పక్కన బజ్జి. బజ్జి వేసిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తే నల్లబడి, చిక్కబడి, ఒంటికి చేటు చేస్తుంది. 2018 జులై 1 నుంచి ఆహార భద్రతా సంస్థ దానికి హద్దు పెట్టింది. నూనెలో చెడిన పదార్థం 25 శాతం దాటితే వంటకు వాడకూడదు. ఆ పారబోసే నూనెను కొని ఇంధనం చేస్తే ఎవరి చేనూ అక్కర్లేదు, ఎవరి బోరూ ఎండదు, పైగా మన పొట్టకూ మేలు. పానిపట్‌లోని ఇండియన్ ఆయిల్ రిఫైనరీకి 2025లో వాడిన వంటనూనెతో విమాన ఇంధనం చేసేందుకు అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఏడాదికి 35 వేల టన్నులు చేస్తామంటున్నారు. దేశపు వాడకంలో నూటికి అర వంతు కూడా కాదు. హోటళ్ళు, చిప్స్ ఫ్యాక్టరీల దగ్గర డబ్బాలకొద్దీ దొరుకుతుంది కానీ, బజ్జీల బండ్ల దగ్గర అర లీటరు, ముప్పావు లీటరు చొప్పున ఎవరు పోగుచేస్తారు? ధర బాగా పెరిగితే మంచి పామాయిల్‌నే వాడినదని చెప్పి అమ్మే ఘనులూ పుడతారు. యూరప్‌లో ఆ అనుమానం ఇప్పటికే గట్టిగా ఉంది.

ఇంకో దారి ఇథనాల్. దానినుంచి విమాన ఇంధనం చేయవచ్చు. కిలో ఇంధనానికి కిలోన్నరకు పైగా ఇథనాల్ కావాలి. ఇథనాల్ చెరకు నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యం నుంచో రావాలి. చెరకుకు పంటకాలం మొత్తానికి 1,500 మిల్లీమీటర్ల నీళ్ళైనా కావాలి. మనకు పడేది అందులో మూడో వంతు. పాలమూరు వైపు చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీల మీద ఊళ్ళు ఎదురుతిరిగాయి. 2024 నవంబర్‌లో దిలావర్‌పూర్ జనం రోడ్డు దిగ్బంధిస్తే ప్రభుత్వం పనులు ఆపించింది. నీళ్ళు, వాసన, మురుగు వాళ్ళ ఫిర్యాదులు. పచ్చ ఇంధనం పక్కింట్లో తయారైతే ఎలా ఉంటుందో వాళ్ళనడగాలి.

ఇంత తలనొప్పి ఉంటే ఎందుకు అంటే, వేరే తోవ లేక. 2027 నుంచి అంతర్జాతీయ విమానాల కార్బన్ లెక్క మన దేశానికీ తప్పనిసరి అవుతుంది. అందుకే అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కు ఒక శాతం, 2028కి రెండు, 2030కి అయిదు శాతం ఇలాంటి ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. యూరప్ 2025లోనే రెండు శాతంతో మొదలుపెట్టింది, 2050కి డెబ్భై అంటోంది. ప్రపంచమంతా 2024లో తయారైన ఇలాంటి ఇంధనం పది లక్షల టన్నులు, మొత్తం వాడకంలో 0.3 శాతం. ధర మామూలు ఇంధనానికి రెండు నుంచి అయిదు రెట్లు. టికెట్ మీద ఎంత పడుతుందో చూద్దాం. ఇంధనం ఖర్చు టికెట్‌లో నలభై శాతమనుకుని, మూడు రెట్ల ధరకు ఒక శాతం కలిపితే, అయిదు వేల టికెట్ మీద నలభై రూపాయలు. అయిదు శాతం కలిపితే రెండు వందలు. విమానమెక్కేవాడు భరించలేని మొత్తం కాదిది. ఆ రెండు వందల్లో గింజ ఏరిన చేతికి ఎంత చేరుతుందన్న సంగతి మాత్రం ఏ పట్టికలోనూ కనబడదు.

నా మట్టుకు నేను కానుగ తోట వేయమని ఏ రైతుకూ చెప్పను, గెనాల మీద, అంటే చేల గట్ల మీద, కానుగ పెట్టుకోమంటాను. చేనుకు ఆకు ఎరువు, పశువుకు నీడ, గాలికి అడ్డు, వంకల పక్కన మన్ను కోసుకుపోకుండా వేళ్ళ పట్టు. ఇవన్నీ విమానం ఎగిరినా ఎగరకపోయినా అందుతాయి. గింజకు సబ్బులవాళ్ళూ వేపపిండి, కానుగపిండి అమ్మేవాళ్ళూ ఇప్పటికే బేరానికి వస్తున్నారు. విమానం కంపెనీ అంతకంటే రూపాయి ఎక్కువిస్తే దానికే అమ్మవచ్చు. తోట వేసి ఆరేళ్ళు ఎదురుచూసే రైతు కొనేవాడి దయ మీద ఉంటాడు. గెనెం మీద చెట్టున్న రైతు ధర నచ్చకపోతే గింజను చెట్టుకిందే వదిలేసి తన పనికి తాను పోగలడు. నూనె సాంకేతికతకు ప్రత్యేకంగా ఒక పరిశోధన సంస్థ అనంతపురం జేఎన్‌టీయూ కింద ఎలాగూ ఉంది. గింజను మండలంలోనే నూనెగా తీస్తే చెక్క ఇక్కడే ఉండిపోతుంది, లారీ బరువు నాలుగో వంతుకు తగ్గుతుంది, మిల్లులో నలుగురికి కూలి దొరుకుతుంది.

ఎండాకాలం మొదట్లో కాయలు రాలే రోజుల్లో మా పెద్దమ్మ పొద్దున్నే ఊరి బయటి రోడ్డుకు బయలుదేరేది. మధ్యాహ్నానికి సంచి నిండేది. కాయ కొట్టి గింజ తీసి ఆరబెడితే చేటెడయ్యేది. ఆ చేటెడు గింజతో నేటి విమానం గాలిలో ఒక్క క్షణమైనా ఉంటుందో లేదో. ఆమె ఇంట్లో మాత్రం కొన్నాళ్ళు దీపం వెలిగింది, మిగిలిన పిండి వంగచెట్ల పాదుల్లో పడింది.